నీళ్ళల్లో దిగవచ్చా, నాన్నా?

కార్తీకమాసం వచ్చిందంటే మా ఇంట్లో రెండు తగాదాలు మొదలవుతాయి. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం ఎవరెవరు చెయ్యాలన్నది మొదటిది. వనభోజనానికి ఎక్కడికి పోవాలన్నది రెండవది. మొదటి తగాదాలో ఏటా మా ఆవిడే నెగ్గుతుంది. రెండవదానిలో ఈసారి మా అమ్మాయి నెగ్గింది. "ఉసిరిచెట్టు ఒక్కటే ఉంటే చాలదు, చెరువు కూడా ఉండాలి. చెరువుంటే చాలదు, అందులో పడవ కూడా ఉండాలి" అని ఎనిమిదేళ్ళ పిల్ల పట్టుబట్టి కూర్చుంది.

మాది గూడూరు. రైలు జంక్షన్ ఉన్న గూడూరు కాదు. ఆ ఊరికి పోవలసిన ఉత్తరాలు మాకూ, మాకు రావలసిన చుట్టాలు ఆ ఊరికీ పోతూ ఉండే గూడూరు మాది. కర్నూలుకు పడమరగా ఉంటుంది. ఇంకా పడమటికి సాగితే చేనేతకు పేరు పొందిన ఎమ్మిగనూరు, ఆ పైన పత్తి బజారుకు పేరు పొందిన ఆదోని. వానదేవుడు లెక్కలో వ్రాసుకోవడం మరచిపోయిన నేల ఇది. వాన తప్పిన ఏడు మా పడమటి పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. పిల్లాపెద్దా కలిసి మిరపకాయలు కోయడానికీ, పత్తి తీయడానికీ గుంటూరు వైపు తరలిపోతారు. దానిని మావాళ్ళు 'సుగ్గికి పోవడం' అంటారు. పక్కనున్న కన్నడదేశంలో సుగ్గి అంటే పంట ఇంటికి వచ్చే పండుగ. అదే మాట మా వైపుకు వచ్చేసరికి వలసకు పేరయింది. నేల మారితే మాటకు అర్థం ఎలా మారుతుందో తరగతిలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఈ ఉదాహరణే చెబుతూ ఉంటాను.

అటువంటి చోట పుట్టి పెరిగినవాళ్ళకు నిండిన చెరువు కంటబడితే ఇంకో ఆలోచన రాదు. "నీళ్ళున్నాయా?" అన్నదే మా ప్రశ్న. "ఎటువంటి నీళ్ళు?" అని అడగడం, ఆకలిగొన్నవాడు అన్నంలో ఉప్పు తక్కువైందని అలగడం వంటిది. నలభై ఏళ్ళు దాటిన నేను కూడా ఆ ప్రశ్న ఏనాడూ అడిగి ఎరుగను. ఈ కార్తీకంలో అడగవలసి వచ్చింది.

కర్నూలు నుంచి నందికొట్కూరు పోయే దారిలో గార్గేయపురం ఉన్నది. అక్కడి చెరువు పక్కన అటవీశాఖవారు నగరవనం పెంచారు. చెట్ల నీడ, నడవడానికి బాటలు, పిల్లలు ఆడుకోవడానికి చోటు, పడవ షికారు అన్నీ ఉన్నాయని విని మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మా కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడు కూడా కుటుంబంతో వస్తానన్నాడు. ఆదివారం పొద్దున్నే అందరం బయలుదేరాము. ఆయన భుజాన ఒక గుడ్డసంచి వేలాడుతూ ఉంది. పులిహోర డబ్బా కాబోలుననుకుని నేను దానిని ఎంతో గౌరవంగా చూశాను.

కర్నూలులో మిత్రుడు మమ్మల్ని హంద్రీ వంతెన దగ్గర ఒక ఐదు నిమిషాలు ఆపాడు. "ఇది చూపించిన తర్వాతనే చెరువు చూపిస్తాను" అన్నాడు. హంద్రీ మా జిల్లా నది. ఎగువన గోనెగండ్ల సమీపంలో గాజులదిన్నె దగ్గర దీనికి ఆనకట్ట కట్టి, ఈ జిల్లా పెదపాడులో పుట్టి 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య గారి పేర సంజీవయ్య సాగరం అన్నారు. దాని నీరు పొలాలకు పారింది, కర్నూలు నగరానికి ఎండాకాలం దాహం తీర్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆ నదే కర్నూలు చేరి తుంగభద్రలో కలిసే ముందు ఊరి మురుగును మోస్తుంది. 2009 అక్టోబరులో వరద వచ్చినప్పుడు ఈ రెండు నదులూ కలిసి నగరాన్ని ముంచెత్తిన సంగతి మరచినవారు కర్నూలులో లేరు.

"నది ఒకటే. గాజులదిన్నె దగ్గర బిందెలో పట్టుకుంటాము, ఇక్కడ ముక్కు మూసుకుంటాము. నడుమ ఏం జరిగింది?" అని అడిగాడు మిత్రుడు.

"ఏం జరిగింది?" అన్నాను నేను, శిష్యుడివలె.

"మనం జరిగాము" అన్నాడాయన. ఆ మాట అప్పటికి హాస్యంగా తోచింది.

గార్గేయపురం చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. వానలు వెళ్ళిన తర్వాతి చెరువు. గాలికి సన్నని ముడుతలు పడుతూ, నీటికోళ్ళు మునుగుతూ తేలుతూ ఉంటే, కావ్యాలు చదువుకున్నవాడికి నోరు ఊరుకోదు. నేను సరోవర వర్ణన మొదలుపెట్టబోతున్నాను. ఆడవాళ్ళు చాపలు పరుస్తున్నారు. ఇంతలో మా అమ్మాయి చెప్పులు విడిచి ఒడ్డున నిలబడి, "నీళ్ళల్లో దిగవచ్చా, నాన్నా?" అని అడిగింది.

"దిగమ్మా, లోతుకు పోకు" అనబోయాను. మిత్రుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "లోతు సంగతి సరే. నీటి సంగతి?"

"తేటగా ఉన్నాయి కదా!"

"పండితులవారు కంటితో చూసి తీర్పు చెప్పేశారు. సరే, కంటితోనే మొదలుపెడదాం" అంటూ ఆయన సంచి విప్పాడు. పులిహోర లేదు. తెల్లటి పళ్ళెం, దాని కింద కట్టిన బరువు, ముళ్ళు వేసిన తాడు, మూతలు బిగించిన సీసాలు, రంగు కాగితాలు బయటపడ్డాయి. మా ఆవిడ ఆ పళ్ళెం తమ ఇంటిది కాదు కదా అని ఒకసారి తిప్పి చూసుకుంది.

పడవలో చెరువు నడిమికి పోయి, మిత్రుడు ఆ పళ్ళేన్ని మెల్లగా నీటిలోకి దించాడు. "ఎక్కడ కనబడకుండా పోతుందో అక్కడ చెప్పమ్మా" అని మా అమ్మాయికి పని ఒప్పగించాడు. పిల్ల పడవ అంచున గడ్డం ఆనించి, రెప్ప వాల్చకుండా చూసి, "ఆఁ! పోయింది!" అని కేక వేసింది. అక్కడ తాటికి ఒక గుర్తు పెట్టాడు. తర్వాత ఒడ్డుకు దగ్గరగా వచ్చి మళ్ళీ దించితే, గుర్తుకంటె చాలా పైననే పళ్ళెం మాయమైంది.

ఇది పిల్లలాటలాగా ఉన్నది గాని, దీని వెనుక ఒక సన్యాసి ఉన్నాడు. ఆంజెలో సెక్కీ అనే ఇటలీ దేశపు మతగురువు. రోములో నక్షత్రాలను పరిశీలించే శాస్త్రజ్ఞుడు. సముద్రపు నీరు ఎంత తేటగా ఉన్నదో కొలవమని పోపుగారి నౌకాదళం కోరితే, 1865లో ఓడ మీదినుంచి తెల్లని బిళ్ళను సముద్రంలోకి దించి చూశాడు. ఆకాశంలోకి చూసి చూసి అలవాటైన కన్ను నీటిలోకి కూడా చూసిందన్నమాట. నేటికీ ప్రపంచమంతటా చెరువులను పరీక్షించేవారు మొదట చేసే పని ఇదే. సరస్సులకు వాడే బిళ్ళ మీద మాత్రం నలుపు తెలుపు గళ్ళు వేస్తారు.

"కాని పళ్ళెం ఎందుకు మాయమైందో పళ్ళెం చెప్పదు" అన్నాడు మిత్రుడు. నీరు మసకబారడానికి రెండు కారణాలున్నాయట. ఒకటి మన్ను. వానకు కొట్టుకువచ్చిన సన్నని బంకమట్టి నెలల తరబడి నీటిలో తేలుతూనే ఉంటుంది. రెండవది ప్రాణమున్నది. కంటికి విడిగా కనబడని నాచు. మన్నయితే దానంతట అదే దిగుతుంది. నాచయితే ఎరువు దొరికినకొద్దీ పెరుగుతుంది.

మన్ను మాట వచ్చేసరికి నాకు మా అవ్వ గుర్తుకు వచ్చింది. ఆమె కుండలో నీళ్ళు పోసే ముందు చిల్లగింజను కుండ లోపలి పక్క అరగదీసేది. గంటసేపటికి మన్నంతా అడుగుకు చేరి నీరు అద్దంలా తేరుకునేది. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో నీటిని బాగుచేసే దినుసులలో ఉసిరికతోపాటు ఈ గింజను కూడా చేర్చాడు. ఈ సంగతి నేను కాస్త గర్వంగానే చెప్పాను.

మిత్రుడు ఒప్పుకున్నాడు. మట్టి రేణువులు ఒకదానినొకటి నెట్టుకుంటూ ఉండడంవల్లనే అడుగుకు దిగవట. గింజలోని పదార్థం వాటిని ఒకచోట చేర్చి బరువెక్కిస్తుందట. పటికబెల్లం కాదు గాని, పటిక చేసే పని కూడా ఇంచుమించు అదే. "మీ అవ్వ శాస్త్రజ్ఞురాలే. అయితే తేరుకున్న నీరంతా మంచి నీరు కాదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో కొందరి పళ్ళు గారపట్టి, ఎముకలు వంకరపోవడం చూసి వైద్యులు వెతికితే, కారణం బావి నీటిలోని ఫ్లోరైడు అని తేలింది. ఆ నీళ్ళు కంటికి తేటగా ఉండేవే. మన ప్రమాణం ప్రకారం లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు. చిల్లగింజ దానిని దించలేదు, కాచినా అది పోదు" అన్నాడు.

మా అవ్వ తరపున నేను మాట్లాడలేకపోయాను.

మేము ఒడ్డున ఇలా సీసాలు పరచుకుని కూర్చుంటే, గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన కర్రకు గడ్డం ఆనించి నిలబడ్డాడు.

"ఏం జేస్తుండారు సారూ?"

"నీళ్ళు పరీక్ష చేస్తున్నాం, పెద్దాయనా."

"నీళ్ళకేమన్నా జబ్బు జేసిందా?"

"చేసిందో లేదో చూడాలనే."

ఆయన నవ్వాడు. "దానికి ఇన్ని బుడ్లు ఎందుకు సారూ! గొర్రె మూతి పెడితే మంచినీళ్ళు. మూతి పెట్టకుండా ఎనిక్కి తిరిగిందంటే నేనూ ముట్టను" అని చెప్పి సాగిపోయాడు.

నాకు ఆ పరీక్ష ఎంతో నచ్చింది. ఖర్చు లేదు, కాగితం లేదు. కాని మిత్రుడు తల అడ్డంగా ఊపాడు. 1878లో ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సు మీద ఆకుపచ్చ రంగు పూసినట్లు ఒక నాచు పేరుకుంది. దాహంతో వచ్చిన గొర్రెలు, గుర్రాలు, పశువులు ఆ నీళ్ళకు మూతి పెట్టాయి. కొన్ని గంటలలోనే చచ్చిపోయాయి. జార్జి ఫ్రాన్సిస్ అనే ఆయన దానిని శాస్త్రపత్రికలో ప్రకటించాడు. విషనాచును గూర్చిన శాస్త్రీయమైన తొలి వ్రాత అదేనంటారు. "గొర్రెకు వాసన తెలుస్తుంది. విషం తెలియదు" అన్నాడు మిత్రుడు. నీటి మీద పచ్చని తెట్టె కట్టి, చిలికిన రంగులా కనబడితే మనుషులుగాని, పశువులుగాని, పెంపుడు కుక్కగాని దిగరాదు. ఇది మాత్రం ఏ సీసా లేకుండా ఎవరైనా పాటించదగిన నియమం.

తర్వాత ఆయన ఒక సీసాను బుడగ లేకుండా నీటితో నింపి, రెండు మందుల చుక్కలు వేసి మూత బిగించి తలక్రిందులు చేశాడు. లోపల గోధుమరంగు మడ్డి మబ్బులాగా దిగింది. "కాఫీ!" అన్నది మా అమ్మాయి. "కాఫీ అయితే మంచిదే. పాలు అయి ఉంటే చెరువు చచ్చినట్లు" అన్నాడాయన. నీటిలో కరిగిన ప్రాణవాయువు ఉంటే మడ్డి గోధుమరంగుకు వస్తుంది. లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. వింక్లర్ అనే హంగరీ రసాయనశాస్త్రజ్ఞుడు 1888లో కనిపెట్టిన పద్ధతి.

చేపకు కూడా మనలాగే ప్రాణవాయువు కావాలి. చల్లని నీటిలో అది ఎక్కువ కరుగుతుంది, వేడి నీటిలో తక్కువ. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర లీటరు నీటిలో ఎనిమిది మిల్లీగ్రాములకు కాస్త పైన, అంతే. పగటిపూట నాచు కూడా చెట్టువలె ప్రాణవాయువును విడుస్తుంది. రాత్రి అయ్యేసరికి అదే నాచు దానిని పీల్చుకుంటుంది. నాచు మితిమీరిన చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడం అందుకే. మురుగు కలిసిన నీటిలో అయితే ఆ మురుగును తినే సూక్ష్మజీవులే ముందుగా ప్రాణవాయువును ఖర్చుచేస్తాయి. చేపల వంతుకు మిగలదు. "కనుక చెరువును చూడవలసిన వేళ పదిగంటలు కాదు, కోడి కూసే వేళ" అన్నాడు మిత్రుడు. కార్తీకస్నానం ఆ వేళకే ఎందుకు పెట్టారో నాకు తెలియదు గాని, చెరువు తన నిజం చెప్పే వేళ కూడా అదేనని తేలింది.

"ఇంతకూ దిగవచ్చా, దిగకూడదా?" అని మా అమ్మాయి మళ్ళీ అడిగింది. పాపం, పెద్దవాళ్ళ విజ్ఞానం పెరుగుతూ ఉంటే దాని ఆదివారం తరుగుతూ ఉంది.

మిత్రుడు వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. మనుషులు బయట స్నానం చేసే నీటికి మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొన్ని కొలతలు పెట్టింది. పులుపూ క్షారమూ తెలిపే పి.హెచ్. అంకె ఆరున్నరకూ ఎనిమిదిన్నరకూ నడుమ ఉండాలి. కరిగిన ప్రాణవాయువు లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. కుళ్ళే పదార్థం పీల్చుకునే ప్రాణవాయువు 3 మిల్లీగ్రాములకు మించకూడదు. వంద మిల్లీలీటర్ల నీటిలో కోలిఫారం అనే సూక్ష్మజీవుల లెక్క 500 దాటకూడదు. ఇవి మనుషుల, పశువుల పేగులనుంచి కూడా నీటిలోకి చేరతాయి. వీటిలో చాలావరకు తమంతట తాము హాని చేయవు. కాని ఇవి ఎక్కువగా ఉన్నాయంటే ఆ దారినే కలరా, టైఫాయిడు, కామెర్లు కూడా రాగలవని అర్థం. ఇంటికి పిలవని చుట్టం రాకముందు అతని సంచి వచ్చినట్లు.

"ఆ లెక్క ఇప్పుడే తేల్చి చెప్పు మరి" అన్నాను.

"అదే చెప్పలేను. మిగిలినవాటిలో కొన్ని ఇక్కడే చూడవచ్చు. సూక్ష్మజీవులు పెరిగి కనబడడానికి మాత్రం ఒకటి రెండు రోజులు పడుతుంది. పిల్ల ఇప్పుడు అడుగుతోంది. చెరువు ఎల్లుండి జవాబు చెబుతుంది."

నేను పిల్లవైపు చూశాను. దాని మోకాలి మీద క్రితం రోజు బడిలో పడి గీరుకున్న గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ గాయాన్ని పొద్దుటినుంచి పదిసార్లు చూసి ఉంటాను. చెరువుతో కలిపి చూడడం అప్పుడే. "దిగమ్మా" అని ఒక్క క్షణం ముందు నేను అనబోయిన మాట నాకే గొంతుకు అడ్డం పడింది. ఏ జబ్బూ రాకపోవచ్చు. వందమంది దిగితే వందమందికీ ఏమీ కాకపోవచ్చు. కాని తెలియదని తెలిసిన తర్వాత కూడా 'తేటగా ఉన్నాయిగా' అనడం తండ్రి చెప్పవలసిన మాట కాదు.

"పడవలో ఎంతసేపైనా తిరుగు. నీళ్ళల్లో ఈవేళ వద్దు" అన్నాను. అమ్మాయి మూతి ముడుచుకుంది. రెండు గంటలసేపు నాతో మాట్లాడలేదు.

భోజనాలకు ముందు, నా పరువు దక్కించుకోవడానికి కొంత పాండిత్యం ప్రదర్శించాను. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును గూర్చి ఒక శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించినది. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్ళకు నూరు బండ్లు, రెండేళ్ళ పని. ఆ శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెరువుకు రాగల ఆరు దోషాలు చెప్పారు. నీటిశాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలన్నది ఒక అంగం. తియ్యని నీరు తెచ్చే నది ఉండాలన్నది మరొకటి. చవిటినేల ఒక దోషం, కట్టనుంచి నీరు ఊరడం ఒక దోషం.

మిత్రుడు విస్తరి వేసుకోవడం ఆపి విన్నాడు. "తియ్యని నీరు తెచ్చే నది అన్నారా! అంటే చెరువు మంచిదా కాదా అన్నది చెరువులో లేదు, చెరువుకు నీరు తెచ్చే దానిలో ఉన్నదని ఆరువందల ఏళ్ళ కిందనే వ్రాశారన్నమాట. ఇంతసేపు ఈ సీసాలతో నేను చెప్పబోయినది అదే. చెరువు గుణం తెలియాలంటే చెరువును చూస్తే చాలదు. ఎగువకు నడిచి చూడాలి."

భోజనాలయ్యాక నడిచాము. చెరువులోకి వాన నీరు దిగే వాలు వెంబడి అన్ని చెరువులకూ ఉండేవే ఉన్నాయి. పొలాలు, పశువుల కాలిబాటలు, ఎవరో పారవేసిన ప్లాస్టిక్ కవర్లు. వాన పడితే పొలంలోని ఎరువు, దారిలోని పేడ, మనిషి విడిచిన మురికి అన్నీ ఈ వాలునే పట్టుకుంటాయి. చెరువనేది చుట్టుపక్కల నేల అంతా సంతకం పెట్టే కాగితం. హైదరాబాదు హుస్సేన్ సాగరు కథ అంతే కదా. 1562లో కట్టిన చెరువు. ఒకప్పుడు నగరానికి తాగునీరు ఇచ్చింది. తర్వాత కూకట్‌పల్లి నాలా వెంట ఊరి మురుగూ, కార్ఖానాల మురుగూ వచ్చి చేరాయి. గట్టున దీపాలు పెట్టారు, తోటలు వేశారు, నడుమ బుద్ధుని విగ్రహం నిలిపారు. అందం పెరిగింది. నీరు మాత్రం నాలా చెప్పినట్లే విన్నది. బెంగుళూరు బెళ్ళందూరు చెరువు మీద అయితే 2015లోనూ, ఆ తర్వాతా మంటలే లేచాయి. నీరు మండిందని చెబితే మా అవ్వ నమ్మి ఉండేది కాదు.

తిరిగి వచ్చేసరికి మా ఆడవాళ్ళు ఎంగిలి గిన్నెలు బుట్టలో వేసుకుని ఒడ్డుకు బయలుదేరుతున్నారు. చేతిలో సబ్బు. నేను కూడా చేతులు కడుక్కోవడానికి అటే పోతున్నాను. మిత్రుని భార్య ముసిముసిగా నవ్వి, "మా ఆయన చూస్తే ఉపన్యాసం మొదలవుతుంది, ఇంటికి పోయి తోముకుందాం పదండి" అన్నది. ఆ ఉపన్యాసం తప్పలేదు.

కెనడా దేశంలో శాస్త్రజ్ఞులు ఒక చిన్న సరస్సును నడుమ తెర కట్టి రెండుగా విడదీశారు. 1973 నాటి మాట. ఒక పక్క కర్బనం, నత్రజని పోశారు. రెండవ పక్క ఆ రెండింటితోపాటు భాస్వరం కూడా పోశారు. కొన్నాళ్ళకు విమానంలోనుంచి ఫొటో తీస్తే, ఒక పక్క నల్లని నీరు, ఇంకో పక్క పచ్చని రంగు పోసినట్లు నాచు. ఒక్క భాస్వరం చేసిన తేడా అది. భాస్వరం పొలం ఎరువులో ఉంది, మురుగులో ఉంది, కొన్ని రకాల బట్టల పొడులలో ఉంది. ఆ ఫొటో చూసిన తర్వాతనే కొన్ని దేశాలలో బట్టలపొడిలో భాస్వరం తగ్గించడానికి చట్టాలకు ఊపు వచ్చిందట.

"మనం తోమే నాలుగు గిన్నెలకే చెరువు పాడవుతుందా?" అని మా ఆవిడ అడిగింది.

"నాలుగు గిన్నెలకు పాడవదమ్మా. కార్తీకమాసంలో ఆదివారాలు నాలుగు. వచ్చే కుటుంబాలు ఎన్ని?" అన్నాడాయన. గిన్నెలు బుట్టలోనే ఉండిపోయాయి. విస్తళ్ళు గోనెసంచిలో కట్టి తెచ్చుకున్నాము.

బయలుదేరే ముందు మిత్రుడు రెండు చిన్న సీసాలు తీశాడు. లోపల ఏదో మందు పూసిన కాగితం. ఒకదానిలో చెరువు నీరు పట్టాడు. రెండవదానిలో, మేము ఇంటినుంచి తాగడానికి తెచ్చుకున్న స్టీలు బిందెలోని నీరు పట్టాడు. "ఇదెందుకు?" అంటే, "పోల్చి చూడడానికి ఒకటి మంచిది ఉండాలిగా" అన్నాడు. రెండింటినీ మా ఇంట్లోనే వెచ్చని చోట పెట్టుకొని, ఒకటి రెండు రోజులు చూడమన్నాడు. మురుగు దారిన వచ్చే సూక్ష్మజీవులు ఉంటే సీసా నల్లబడుతుంది. 1982లో గ్వాలియరులోని శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతి ఇది. కరెంటు లేని పల్లెలో కూడా చేయవచ్చు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్షలు నేర్పడం మొదలుపెట్టారు కూడా.

సోమవారం సాయంత్రానికి చెరువు సీసా నల్లబడింది. అందులో ఆశ్చర్యం లేదనీ, పక్షులూ పశువులూ తిరిగే ఏ చెరువు నీరు పోసినా నల్లబడవచ్చుననీ, అది ఆ చెరువు తప్పు కాదనీ, లెక్క ఎంతో తేలాలంటే ప్రయోగశాలకు పంపాలనీ మిత్రుడు ముందే చెప్పాడు. నేను నా నిర్ణయం సరియైనదని అమ్మాయికి చూపించి కాస్త మీసం దువ్వాను.

మంగళవారం పొద్దున మా ఆవిడ వంటింట్లోనుంచి పిలిచింది. గొంతులో ఏదో తేడా. పోయి చూస్తే రెండవ సీసా కూడా నల్లబడి ఉంది.

అది మా ఇంటి నీరు. రోజూ మేము తాగే నీరు. తేటగా, చల్లగా, ఏ వాసనా లేకుండా ఉండే నీరు. మా అమ్మాయి బడికి తీసుకుపోయే నీరు. చెరువులో దిగవద్దని పిల్లను అడ్డుకుని, అదే గంటలో ఈ నీటినే గ్లాసుతో ముంచి దాని చేతికి ఇచ్చాను.

మిత్రుడు వచ్చాడు. నవ్వుతాడని భయపడ్డాను, నవ్వలేదు. "ఎగువకు నడుద్దాం రండి" అన్నాడు. మా ఇంటి ఎగువ ఎంతో దూరం లేదు. బిందెకు ముందు డ్రమ్ము, డ్రమ్ముకు ముందు కొళాయి. ముందుగా కొళాయి నుంచి నేరుగా ఒక సీసా పట్టించాడు. తర్వాత డ్రమ్ములోకి తొంగి చూశాము. నీళ్ళు వచ్చినప్పుడు పట్టి దాచుకునే డ్రమ్ము అది. మళ్ళీ నింపడమే గాని, పూర్తిగా ఒంచి కడిగి ఎన్నాళ్ళయిందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. అడుగున జారుడుగా పాచి. బిందె దగ్గరికి వస్తే మూత ఉన్నది, కాని ముంచుకునే గ్లాసు ఎవరు ముంచినా వేళ్ళు నీటిలో మునుగుతాయి. బయటినుంచి వచ్చిన నేను, ఆడుకుని వచ్చిన అమ్మాయి, చుట్టపుచూపుగా వచ్చినవారు అందరమూ ముంచిన గ్లాసే. కొళాయి సీసా రెండు రోజులైనా రంగు మారలేదు. తప్పు ఊరిది కాదు, చెరువుది కాదు. హంద్రీ వంతెన మీద మిత్రుడు అన్న 'మనం జరిగాము' అన్న మాట మా వంటింట్లో కూడా నిజమే.

ఆ ఆదివారం డ్రమ్ము ఒంచి, రుద్ది కడిగి, ఎండబెట్టాము. బిందె తీసివేసి అడుగున కొళాయి ఉన్న స్టీలు డబ్బా తెచ్చాము. తాగే నీరు కాచి అందులో పోస్తున్నాము. పొడుగు కాడ గరిటె తప్ప డ్రమ్ములోకి ఎవరి చెయ్యీ పోరాదని మా ఆవిడ శాసనం వేసింది. ఆ శాసనాన్ని తప్పినవారికి శిక్ష ఏమిటో పోరుమామిళ్ళ శాసనంలో కంటె వివరంగా చెప్పింది. రెండు వారాల తర్వాత మళ్ళీ ఒక సీసా పెట్టాము. మూడు రోజులు చూశాము. రంగు మారలేదు. మా అమ్మాయి ఆ సీసాను బహుమతి కప్పులాగా అలమారలో పెడతానంటే, మందు ఉన్న సీసా అని మిత్రుడు తీసుకుపోయాడు.

మొన్న సంక్రాంతికి మా అవ్వగారి ఊరికి పోయాము. ఊరి చివర చెరువు సగానికి పైగా నిండి ఉంది. బస్సులోని పెద్దవాళ్ళందరూ కిటికీల్లోనుంచి చూసి, "పర్వాలేదే, నీళ్ళున్నాయి" అని సంతోషించారు. నేనూ వాళ్ళతో కలిసి అదే మాట అన్నాను. పుట్టుకతో వచ్చిన మాట అంత త్వరగా పోదు.

మా అమ్మాయి మాత్రం కట్టకు అవతలి పక్కకు చూస్తూ అడిగింది. "ఈ చెరువుకు ఎగువ ఏముంది, నాన్నా?"